‘ఫేటల్ అట్రాక్షన్’ ముగింపు మార్చి మంచి పని చేశారా?

రాత్రిఆట: నిన్న మళ్ళీ చూశాను. 1987లో దర్శకుడు ఆడ్రియన్ లైన్ తీసిన హాలీవుడ్ సినిమా. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: న్యూయార్క్‌లో డాన్ అనే లాయరు, పెళ్ళాం ఊళ్ళో లేనప్పుడు అలెక్స్ అనే ఆవిడతో రెండు రోజులు గడుపుతాడు. అతనికి అక్కడితో సరి. ఆమెకి కాదు. ఫోన్లు, వెంటపడటం, ఆఖరికి పాప పెంచుకునే కుందేలును పొయ్యి మీద ఉడకబెట్టేదాకా పోతుంది. చివర్లో బాత్‌రూమ్‌లో భార్య అలెక్స్‌ని తుపాకీతో కాల్చేస్తుంది.

మొదట తీసిన ముగింపు ఇది కాదు. అందులో అలెక్స్ తన గొంతు తనే కోసుకుంటుంది. కత్తి మీద డాన్ వేలిముద్రలుంటాయి, పోలీసులు అతన్ని పట్టుకుపోతారు. రిలీజుకి ముందు వేసిన టెస్ట్ షోల్లో జనానికి ఎక్కలేదని మార్చారు. అక్కడే సినిమా చెడిందని నా గోల.

నేలటికెట్టు: చెడటమేంటి బ్రో! చచ్చిందనుకున్న అలెక్స్ టబ్బులోంచి ఒక్కసారిగా లేస్తుంటే నా చేతిలో టీ ఒలికిపోయింది. జనం టికెట్టు కొనేది అందుకేగా. పైగా ఆరు ఆస్కార్ నామినేషన్లు. ఒక్కటీ రాలేదనుకో, అది వేరే సంగతి.

రాత్రిఆట: లేచినప్పుడు నేనూ ఉలిక్కిపడ్డా, కాదనను. కానీ ఆ లైటు సీను గుర్తుందా? అలెక్స్ నేల మీద కూర్చుని, పక్కనున్న లైటు వేస్తూ, ఆర్పుతూ ఉంటుంది. వెనక ‘మదామ్ బటర్‌ఫ్లై’ అనే ఒపేరా (పాటలతో నడిచే నాటకం) పాట వస్తుంటుంది. అవతల డాన్ పెళ్ళాంతో, స్నేహితులతో బౌలింగ్ ఆడుతూ నవ్వుతుంటాడు. ఏడుపు లేదు, అరుపు లేదు, స్విచ్ చప్పుడొకటే. ఆ ఒపేరాలో నాయిక కూడా వదిలేసి వెళ్ళినవాడి కోసం కత్తితోనే ప్రాణం తీసుకుంటుంది. అంటే మొదటి ముగింపుకి విత్తనం అక్కడే వేశారు. మార్చాక ఆ పాట ఊరికే మిగిలిపోయింది. మానసిక వైద్యులతో మాట్లాడి మరీ అలెక్స్ పాత్రకి సిద్ధమైన నటి గ్లెన్ క్లోజ్, కొత్త ముగింపు చేయనని గట్టిగానే పట్టుబట్టింది. చివరికి ఒప్పుకోక తప్పలేదు. అప్పటిదాకా మనిషిగా ఉన్న అలెక్స్ ఆఖరి పది నిమిషాల్లో దెయ్యమైపోయింది.

మ్యాట్నీ అక్క: తమ్ముడూ, మొదటి ముగింపుని మరీ నెత్తినెట్టుకోకు. అందులోనూ చచ్చేది అలెక్సేగా? చచ్చిపోతానని ఆమె బెదిరించిన క్యాసెట్టు భార్యకి దొరుకుతుంది, దాంతో డాన్ బయటపడే దారీ ఉంది. తప్పు చేసినవాడికి రెండు ముగింపుల్లోనూ ఇల్లు భద్రమే. ఇప్పుడున్న దాంట్లో చివరి షాటేంటో చూశావా? ఫ్రేము కట్టిన ఫ్యామిలీ ఫోటో!

రాత్రిఆట: క్యాసెట్టు సంగతి నేను తేలిగ్గా తీసుకున్నానక్కా. అది మాత్రం ఒప్పుకుంటా.

నేలటికెట్టు: మన రామ్ గోపాల్ వర్మ నిర్మించిన హిందీ సినిమా ‘ప్యార్ తూనే క్యా కియా’లోనూ అంతేగా. పెళ్ళైందని చెప్పనిది ఫోటోగ్రాఫరు, పిచ్చాసుపత్రి పాలయ్యేది ఊర్మిళ.

మ్యాట్నీ అక్క: అదీ మాట. ఈ ఆడ్రియన్ లైనే 2002లో ‘అన్‌ఫెయిత్‌ఫుల్’ తీశాడు. అందులో దారి తప్పేది భార్య, ఆమె ప్రియుణ్ణి చంపేది భర్త. చివర్లో ఇద్దరూ కారులో సిగ్నల్ దగ్గర ఆగుతారు, పక్కనే పోలీసు స్టేషను. పచ్చ లైటు పడుతుంది. కారు కదలదు.