ట్రమడాల్ వల్ల ఫిట్స్ వస్తే రెండేళ్లు ఫిట్స్ మాత్రలు వాడాల్సిందేనా?

గోదారిగట్టు: మా తమ్ముడు డిప్రెషన్‌కి అమిట్రిప్టిలిన్ వాడుతున్నాడు. నడుం నొప్పికి ట్రమడాల్ రాశారు. నొప్పి తగ్గడం లేదని డోసు వాడే పెంచుకున్నాడు. ఫిట్స్ వచ్చి పడిపోయాడు. క్యాజువాల్టీలో లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇస్తే ఆగాయి. మెదడు పరీక్షలు ఈఈజీ, ఎమ్మారై నార్మల్. ట్రమడాల్ ఆపేశారు. ఒక డాక్టరు ఫిట్స్ మాత్ర లెవెటిరాసిటమ్ మొదలుపెట్టి రెండేళ్లు వాడమన్నారు, ఇంకొకరు అవసరమే లేదన్నారు. ఎవరి మాట వినాలి?

శ్రావణి_వరంగల్: వాడటమే మంచిదండీ. బండి మీద వెళ్తుంటే వస్తే ఏంటి పరిస్థితి? మా మామయ్యకు ఒక్కసారేగా అని వదిలేశాం, మళ్లీ వచ్చాయి.

మందుల_కౌంటర్: శ్రావణి గారూ, మీ మామయ్యకు ఏ మందు వల్లయినా వచ్చాయా? అది తేలకుండా పోల్చలేం. ట్రమడాల్ మామూలు డోసులోనూ ఫిట్స్ తెప్పించగలదు. రోజుకు 400 మిల్లీగ్రాములు దాటినా, అమిట్రిప్టిలిన్ లాంటివి తోడైనా ముప్పు ఇంకా పెరుగుతుంది. అలా వచ్చినదాన్ని ఎపిలెప్సీ (మళ్లీ మళ్లీ ఫిట్స్ వచ్చే జబ్బు) అనరు. కారణమైన మందు ఆపడమే అసలు వైద్యం. పైగా లెవెటిరాసిటమ్‌తో కొందరికి చిరాకు, దిగులు పెరుగుతాయి. డిప్రెషన్ ఉన్న కుర్రాడికి రెండేళ్లు అది ఇవ్వడం చిన్న విషయం కాదు. 2018లో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అయినా పాత చీటీ చూపిస్తే ఇచ్చేసే షాపులున్నాయి. ఈ వృత్తిలో ఉండి చెబుతున్నా, అది ఘోరం.

ఐసీయూ_సిస్టర్: ఏ మందు వల్ల వచ్చాయో తెలిస్తే వైద్యమే మారిపోతుంది. టీబీ మందు ఐసోనియాజిడ్ ఎక్కువగా మింగినవాళ్లకు లోరాజెపామ్ ఒక్కటే చాలదు. బి6 విటమిన్ నరంలోకి ఇవ్వాలి. మింగిన గ్రాముకి గ్రాము లెక్క, ఎంత మింగారో తెలియకపోతే పెద్దవాళ్లకు 5 గ్రాములు. మందుల విషం వల్ల వచ్చే ఫిట్స్‌కి, మామూలుగా ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ పెద్దగా పనిచేయదు. అందుకే ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఆసుపత్రికి తెండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

శ్రావణి_వరంగల్: మామయ్యకు పాత తలదెబ్బ ఉంది, అది వేరే సంగతే. కానీ అమిట్రిప్టిలిన్ కూడా ముప్పు పెంచేదే అంటున్నారు, ఈ అబ్బాయి అది ఇంకా వేసుకుంటున్నాడు. మరి కారణం పూర్తిగా పోయినట్టేనా?

మందుల_కౌంటర్: సరైన ప్రశ్న. దాన్ని మార్చాలా వద్దా అన్నది సైకియాట్రిస్టు, న్యూరాలజిస్టు కలిసి తేల్చాలి. నా దృష్టిలో రెండేళ్ల మాత్రల కంటే ముందు తేలాల్సింది అదే.

ఇందూరు_అన్న: మందు ఆపినా ఫిట్స్ వస్తాయి తమ్మీ. మా దిక్కు కల్తీ కల్లులో అల్ప్రజోలం అనే మత్తు మందు కలిపేటోళ్లు. అలవాటైనోళ్లకు ఆ కల్లు దొరక్కపోతే ఫిట్స్ వచ్చి దవాఖానల పడ్డరు. లెవెటిరాసిటమ్ అయినా ఇంకోటయినా డాక్టర్‌ని అడగకుండా ఆపనియ్యకు.

గోదారిగట్టు: సరే అన్నా, ఆపనివ్వను. న్యూరాలజిస్టు దగ్గరికి స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్తాం. అమిట్రిప్టిలిన్ సంగతి రెండు చోట్లా ఎవరూ అడగలేదు, మొదట అదే చెబుతా. వాళ్లు సరేననే దాకా వాడికి బండి ఇవ్వం.