పాలు పడవు, నెయ్యి తింటాను: కాల్షియం సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 44. పాలు తాగిన గంటకల్లా కడుపు ఉబ్బి గుడగుడలాడుతుంది. అందుకే ఏడాదిగా పాలు ముట్టలేదు. బదులుగా రోజూ రెండు చెంచాల నెయ్యి వేసుకుంటాను, ఒక గ్లాసు మజ్జిగ తాగుతాను. ఎముకలకు ఇది సరిపోతుందా, కాల్షియం టాబ్లెట్ మొదలుపెట్టాలా? కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: నెయ్యిని లెక్కలోంచి తీసేయండి. అది పాల నుంచే వచ్చినా అందులో మిగిలేది కొవ్వే. కాల్షియం, మాంసకృత్తులు వెన్న తీసినప్పుడే మజ్జిగలో ఉండిపోతాయి. రుచికి తినండి, ఎముకల పేరు చెప్పి కాదు.

మజ్జిగ మంచిదే. కానీ అందులో పెరుగెంత? గ్లాసు నీళ్లకు రెండు చెంచాలైతే దాహం తీరుతుంది, అంతే. 100 మి.లీ. ఆవుపాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, పెరుగులోనూ ఇంచుమించు అంతే. మీ వయసుకు రోజుకు దాదాపు 1000 మి.గ్రా. కావాలి. 400 గ్రాముల గట్టి పెరుగుతో సగం దాకా వచ్చేస్తుంది. మిగతాది ఆకుకూరలు, నువ్వులు, పప్పులతో చూసుకోవచ్చు. తిండితో సర్దుబాటయ్యేదానికి టాబ్లెట్ దాకా ఎందుకు? డాక్టరు చెబితే వేరే సంగతి.

ఇక ఉబ్బరం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. మీదీ అదే కావచ్చు. తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత బ్యాక్టీరియాకే ఖర్చయిపోతుంది, అందుకే పెరుగు పడుతుంది. పాలే కావాలనిపిస్తే పరగడుపున వద్దు, భోజనంతో పాటు అరగ్లాసు తాగి చూడండి. దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే మాత్రం అది అలర్జీ కావచ్చు. ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: రెండు చెంచాలే, దొరికిపోయాను! ఇంకోటి, పెరుగు తిన్న వెంటనే ఐరన్ టాబ్లెట్ వేసుకుంటున్నాను. ఫరవాలేదా?

మరొకరి జవాబు: వద్దండీ. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. నేను పాలతోనే ఆ మాత్ర మింగుతూ, డోసు ఎందుకు పెంచుతున్నారో తెలీక తల పట్టుకున్నదాన్ని! పూర్తి శాకాహారులైతే బి12 కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి, పాలు తగ్గితే అదీ తగ్గవచ్చు.