రూ.2,600 పెట్టి కొత్త ముద్రణ జాజ్ ఎల్పీ కొన్నాను. మోసపోయానా?

మూడులాంతర్లు (విజయనగరం) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్పీ ప్లేటు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. 1959 నాటి రికార్డింగు, ఈ మధ్య కొట్టిన ముద్రణ. ఎనిమిదేళ్లుగా ఫోన్‌లో వింటున్న ఆల్బమే, ప్రతి మలుపూ నోటికొచ్చు. తీరా ప్లేటు పెట్టాక ఏదో తేడా కొడుతోంది. ట్రంపెట్ సన్నగా, పైకి లాగినట్టు వినిపిస్తోంది. మా బావగారు పది నిమిషాలు విని, "ఇదే పాట నీ ఫోన్‌లో ఊరికే వస్తోంది కదయ్యా" అని టీ తాగేసి వెళ్లిపోయారు.

ఏ టేపు నుంచి తీశారో, ప్లేటు గాడి ఎవరు కోశారో జాకెట్ మీద ఒక్క ముక్క లేదు. యూరప్‌లో తయారైందని మాత్రం ఉంది. దీన్ని అటకెక్కించి ఆరు వేలు పెట్టి మంచి ముద్రణ కొనాలా? పాత ప్లేటు కోసం వెతకాలా? అసలు ఈ చవక రీఇష్యూల జోలికే పోకూడదా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఏడురోడ్లు (శ్రీకాకుళం) | శనివారం రాత్రి 10:15

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా, మీరు కొన్నది ప్లేటు రూపంలో ఉన్న సీడీ అయ్యుంటుంది.

యూరప్‌లో రికార్డింగుల మీద హక్కు గతంలో 50 ఏళ్లే. 2013లో దాన్ని 70కి పెంచారు గానీ, అప్పటికే గడువు తీరిపోయినవాటికి అది వర్తించలేదు. అంటే 1962 దాకా విడుదలైన జాజ్ అంతా అక్కడ ఊరుమ్మడి చెరువు. ఎవడైనా దిగి చేపలు పట్టుకోవచ్చు. అసలు టేపు మాత్రం అమెరికాలో కంపెనీ బీరువాలో ఉంటుంది, అది వీళ్ల చేతికి రాదు. దొరికిన సీడీ నుంచో ఫైలు నుంచో కోసి అమ్ముతారు. జాకెట్ మీద టేపు ఊసు ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందా?

చవకైనవన్నీ ఇలాంటివే అనడం లేదు. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ వాళ్లు 2020లో క్లాసిక్ వినైల్ అని ఒక వరస మొదలుపెట్టారు. టేపు బాగున్నచోట నేరుగా టేపు నుంచే కోస్తారు, కోసేది కెవిన్ గ్రే. అదే కంపెనీ టోన్ పొయెట్ వరసకి జాకెట్లూ హంగులూ ఎక్కువ, ధరా ఎక్కువే. నా మటుకు నాకు క్లాసిక్ చాలు. బ్లూ నోట్ వాళ్లదే, శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’ ఆల్బమ్ 1957లో రికార్డు చేసింది రూడీ వాన్ గెల్డర్. ఆయన వృత్తి కళ్లజోళ్లకు చూపు పరీక్షించడం. స్టూడియో ఏదనుకున్నారు? న్యూజెర్సీలో వాళ్ల అమ్మానాన్నల ఇంటి హాలు! ఆ హాల్లో గాలి ఎలా కదిలిందో మంచి కోతలో తెలుస్తుంది. మీ ప్లేటులో తెలియదు.

ఇయర్‌ఫోన్ బాబు (రాజాం) | శనివారం రాత్రి 10:32

వచ్చారండీ గాలి కదలిక వినేవాళ్లు.

అన్నయ్యా, 2022లో ఏం జరిగిందో కూడా చెప్పు మరి. మొబైల్ ఫిడిలిటీ అనే అమెరికా కంపెనీ ఖరీదైన రీఇష్యూలు వేస్తుంది. అవి టేపు నుంచి నేరుగా కోసినవేనని నమ్మి మీలాంటి చెవులున్నవాళ్లు ఏళ్లకేళ్లు మెచ్చుకున్నారు. తీరా చూస్తే చాలావాటిలో మధ్యలో డిజిటల్ కాపీ ఉంది. జనం కోర్టుకెక్కితే 2.5 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని కంపెనీ రాజీకొచ్చింది. ఆ సంగతి బయటపడింది ఎవరి చెవికో అనుమానం వచ్చి కాదు, ఒక రికార్డుల కొట్టాయన బయటపెడితే, కంపెనీ వాళ్లు ఒప్పుకుంటే. అన్నాళ్లూ ‘డిజిటల్ వాసన’ ఒక్కరికీ తగలలేదు.

కాబట్టి మూడులాంతర్లు గారూ, మీ బావగారే కరెక్టు. ఆ ఆరు వేలతో మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి. ప్లేట్లు గోడకి తగిలించుకోవడానికి బాగుంటాయి.

ఏడురోడ్లు | శనివారం రాత్రి 10:41

ఆ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. నా దగ్గరా వాళ్లవి రెండున్నాయి, ఇప్పటికీ అద్భుతంగా మోగుతాయి. అప్పుడు తెలిసిందేమిటంటే డిజిటల్ కావడం తప్పు కాదు, ఆ సంగతి చెప్పకపోవడం తప్పు. మూడులాంతర్లు గారి ప్లేటు మీద నా అభ్యంతరమూ అదే.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) | ఆదివారం ఉదయం 6:05

నేను రిటైరైన మేస్టార్ని. ఈ అర్ధరాత్రి యుద్ధాలు పొద్దున్నే చదువుతాను.

నా దగ్గర ఈ ఆల్బమే ఉంది. ఓడలో పనిచేసే మా బావమరిది 1978లో విశాఖ రేవులో దిగినప్పుడు తెచ్చిచ్చాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మేం పలాసలో ఉన్నాం. పైకప్పు రేకులు లేచిపోయి ప్లేట్ల పెట్టె రాత్రంతా నీళ్లలో నానింది. జాకెట్లన్నీ ముద్దయిపోయాయి, లోపలి కాగితాలు ప్లేట్లకి అతుక్కుపోయాయి. కరెంటు లేదు, జీడితోటలు పడిపోయి ఊరంతా ఏడుస్తుంటే నేను ప్లేట్ల గురించి ఏం ఏడుస్తాను? నెల తరవాత సబ్బునీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాను. అన్నీ మోగాయి. చిటపటలు పెరిగాయంతే.

అందుకే చెబుతున్నాను, మన వాతావరణంలో జాకెట్ మీద మమకారం పెంచుకోకండి. ఉక్కపోతకి బూజు పట్టి తీరుతుంది. పాతది లక్ష పెట్టి కొన్నా, కొత్తది రెండు వేలకి కొన్నా బూజుకి తేడా తెలియదు. వినడానికి కొనుక్కోండి. చవకది హాయిగా అరగదీసుకోవచ్చు.

నాలుగు తీగలు (విజయనగరం) | ఆదివారం ఉదయం 8:20

మేస్టారూ, నమస్కారం. నేను ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. అక్కడ కూర్చుని జాజ్ వింటావా అని మా వాళ్లు ఆటపట్టిస్తారు గానీ, ఈ ఆల్బమ్‌లో మొదటి పాట ‘సో వాట్’ స్వరాలు చూస్తే అచ్చం మన ఖరహరప్రియ. రెండు శ్రుతిలో మొదలై, మధ్యలో కాసేపు అదే మేళం రెండున్నరకి జరిగి, మళ్లీ రెండుకి దిగుతుంది. గమకాలు లేవు కాబట్టి రాగం అనను. ఫోన్ పక్కన పెట్టుకుని దాంతో పాటు వాయిస్తుంటాను.

మూడులాంతర్లు గారు ‘పైకి లాగినట్టు’ అన్నారు కదా, నన్ను పట్టుకుంది ఆ మాటే. పాత ముద్రణల్లో మొదటి వైపు శ్రుతి కాస్త హెచ్చుగా ఉంటుందని విన్నాను. మేస్టారూ, మీ ఇంట్లో శ్రుతిపెట్టె ఉంటే మొదటి వైపుకి రెండు శ్రుతి, రెండో వైపు ‘ఆల్ బ్లూస్’కి ఐదు శ్రుతి పెట్టి చూస్తారా?

ఏడురోడ్లు | ఆదివారం ఉదయం 9:02

ఆమె చెప్పింది నిజం. మొదటి వైపు మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేశారు. పాత చర్చిని స్టూడియోగా మార్చిన చోటది. ఆ రోజు అసలు టేపు మెషీన్ నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మామూలు వేగంతో మోగిస్తే పాట పరిగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఏప్రిల్ 22న చేసిన రెండో వైపుకి ఆ జబ్బు లేదు. పక్కన సరైన వేగంతో తిరిగిన ఇంకో టేపు ఉండబట్టి 1992లో సరిచేయగలిగారు. అంటే ముప్పై ఏళ్లకి పైగా లోకమంతా విన్నది అపశ్రుతే.

ఇయర్‌ఫోన్ బాబు | ఆదివారం ఉదయం 9:05

ఆగండాగండి. లక్షలు పోసి కొనే అసలు ప్లేటుకి శ్రుతి తప్పింది, నా ఫోన్‌లోది సరిగ్గా ఉంది. అంతే కదా? ఈ పూట నాకిది చాలు.

నాగావళి ఒడ్డు | ఆదివారం మధ్యాహ్నం 12:30

అమ్మా, మనవరాలి శ్రుతిపెట్టె తీసి చూశాను. మొదటి వైపు రెండుకి కుదరలేదు, పిసరంత పైన ఉంది. రెండో వైపు ఐదుకి అతికినట్టు కుదిరింది. నలభై ఏళ్లకి పైగా విన్నాను, ఒక్కనాడూ తెలియలేదు. చెవులు పట్టుకుని గుంజీలు తీయాలి.

అయినా నాకు మాత్రం మా బావమరిది తెచ్చిందే అసలు శ్రుతి. ఇప్పుడు దించమంటే ఒప్పుకోను.

నాలుగు తీగలు | ఆదివారం మధ్యాహ్నం 1:10

మీరు ఒప్పుకోకండి మేస్టారూ, ఆ హక్కు మీకుంది!

మూడులాంతర్లు గారూ, మీదీ అలాగే చూడండి. ఒక వైపే హెచ్చుగా ఉంటే ఆ పాత టేపు తప్పే మీ ప్లేటులోకి వచ్చినట్టు. రెండు వైపులూ హెచ్చుగా ఉంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

మూడులాంతర్లు | ఆదివారం మధ్యాహ్నం 3:45

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి చూశాను. రెండు వైపులూ హెచ్చుగానే ఉన్నాయి. ఇంట్లో ఉన్న డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ కూడా ఫోన్‌లో దానికంటే ఒక వాసి పైనే మోగుతోంది. అందులో ‘టేక్ ఫైవ్’కి అయిదు దెబ్బల నడక, ఖండచాపు వేసి వింటాను. అదీ పరిగెడుతోంది. ఇన్నాళ్లూ హుషారనుకున్నాను.

బొబ్బిలి మైకుసెట్టు | ఆదివారం సాయంత్రం 5:20

పొద్దున్నుంచి పెళ్లి పనిలో ఉన్నాను, ఇప్పుడే చదివాను. ఇన్ని మాటలయ్యాయి గానీ ప్లేయర్ ఏటని ఒక్కరూ అడగలేదు, ఏటండీ ఇది?

సూటుకేసు ప్లేయరా? అయితే ముందు దాన్ని పక్కన పెట్టండి. అందులో సూదిని పట్టుకుని ఉండే డబ్బీ సిరామిక్ కార్ట్రిడ్జ్. అయిదు గ్రాముల దాకా బరువుతో సూది గాడి మీద నొక్కుతుంది. మాగ్నెట్ కార్ట్రిడ్జ్ అయితే రెండు గ్రాముల చుట్టూ సరిపోతుంది. సూటుకేసు మీద కెవిన్ గ్రే కోసినా, మా వీధి కుర్రాడు కోసినా ఒకటే.

బెల్టు ప్లేయర్ అయితే నేను చెప్పినట్టు చెయ్యండి. ఎల్పీ నిమిషానికి 33, పైన మూడో వంతు తిరగాలి. అంటే మూడు నిమిషాలకి సరిగ్గా నూరు చుట్లు. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, సూది దించకుండా తిప్పి, ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టుకుని లెక్కపెట్టండి. యంత్రాలేవీ అక్కర్లేదు. మా నాన్నగారి కాలంలో పెళ్లిళ్లకి ప్లేట్లు వేసినప్పుడు వేగం ఇలాగే చూసేవారు.

మూడులాంతర్లు | ఆదివారం రాత్రి 8:10

బెల్టు ప్లేయరేనండీ, మాగ్నెట్ కార్ట్రిడ్జ్. మొదటిసారి 102. నమ్మలేక మా అబ్బాయి చేత లెక్కపెట్టించాను, మళ్లీ 102. రెండు వారాలుగా ముద్రణని తిట్టుకుంటున్నాను, ఇక్కడ ఒక సమీక్ష రాద్దామని సగం రాసి కూడా ఉంచాను!

అడుగున మోటారు దగ్గర చిన్న రంధ్రంలో స్క్రూ ఉంది. కళ్లజోడు రిపేరు స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే 97కి పడిపోయింది. నాలుగోసారికి నూరు వచ్చింది. ఇప్పుడు రెండు వైపులూ తంబూరాకి కుదిరాయి. అంటే 1992 తరవాత సరిచేసిన దాని నుంచే కోసినట్టున్నారు. శ్రుతి విషయంలో ఈ చవక ప్లేటుకి క్షమాపణ చెప్పుకోవాలి.

కానీ ట్రంపెట్ సన్నదనం కొంత మిగిలే ఉంది.

ఏడురోడ్లు | ఆదివారం రాత్రి 8:14

అది ముద్రణదే. చెప్పానా?

ఇయర్‌ఫోన్ బాబు | ఆదివారం రాత్రి 8:15

స్క్రూడ్రైవర్ అక్కర్లేని ప్లేయర్ ఒకటుంది, జేబులో పడుతుంది.

బొబ్బిలి మైకుసెట్టు | ఆదివారం రాత్రి 8:31

ముద్రణదో సూదిదో చూడకుండా తీర్పు ఇచ్చెయ్యకండి. సూది ఎన్నాళ్ల కిందటిది బాబూ?

మూడులాంతర్లు | ఆదివారం రాత్రి 8:40

ప్లేయర్‌తో వచ్చిందేనండీ. నాలుగేళ్లయింది.

బొబ్బిలి మైకుసెట్టు | ఆదివారం రాత్రి 8:42

వచ్చే ఆదివారం ప్లేటు పట్టుకుని బొబ్బిలి రండి. నా దగ్గర కొత్త సూది ఉంది. ఏడురోడ్లు గారు కూడా వాళ్ల ఖరీదైనది తెస్తే, ఏది ఏదో చెప్పకుండా నేను వేస్తాను, మీరు వినండి.

ఏడురోడ్లు | ఆదివారం రాత్రి 9:20

వస్తాను. తలుపు అవతల నుంచి వెయ్యాలి కానీ, జాకెట్లు కనిపించకూడదు.