పక్క కంప్యూటర్‌లోంచి ప్రింట్ రావట్లేదు

జిరాక్స్ షాపు నుంచి: మా షాపులో రెండు ఉబుంటు (లినక్స్) కంప్యూటర్లు. కౌంటర్ దగ్గరి దానికి ప్రింటర్ యూఎస్‌బీతో పెట్టాను, అక్కణ్ణుంచి బాగానే వస్తుంది. లోపలి దాంట్లో ప్రింటర్ పేరు కనిపిస్తోంది గానీ పంపిన ప్రింట్ జాబు కదలట్లేదు. హాల్‌టికెట్ల కోసం పిల్లలు నిలబడి ఉన్నారు. పెన్‌డ్రైవ్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను. సాయం చేయండి.

జవాబు: కౌంటర్ మెషీన్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 (ప్రింటర్ సెట్టింగుల పేజీ) తెరిచి షేరింగ్ టిక్ ఉందో చూడండి. ప్రింటర్‌కి విడిగా కూడా ఉండాలండీ.

షాపు: రెండూ ఉన్నాయండీ.

ఇంకొకరు: నెట్‌వర్క్‌లో ప్రింటర్ పేరు ఒక పోర్టు (దారి) మీద, అంటే యూడీపీ 5353 మీద వస్తుంది, జాబు వేరే పోర్టు టీసీపీ 631 మీద వెళ్తుంది. పేరు కనిపిస్తోందంటే మొదటిది బాగానే ఉన్నట్టు. రెండోది మూసుకుపోయి ఉండొచ్చు. ఈమధ్య కౌంటర్ మెషీన్‌లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపేది) ఆన్ చేశారా?

షాపు: పోయిన వారమే చేశాను! కౌంటర్ మెషీన్‌లో 631 తెరిచాను. ఆగిపోయిన ఆరు హాల్‌టికెట్లూ వరసగా వచ్చేశాయి, కాగితాలింకా వేడిగా ఉన్నాయి. చాలా థాంక్సండీ.

ఇంకొకరు: 631ని షాపు నెట్‌వర్క్ వరకే తెరవండి, అందరికీ వద్దు.