అటెండెన్స్ తగ్గితే తమ్ముడి స్కాలర్‌షిప్ రెన్యువల్ అవుతుందా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. తమ్ముడు ఇక్కడే బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. ఇంటర్ మార్కుల మీద కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వచ్చింది, ఏడాదికి 12,000 రూపాయలు. నాన్నది కాంట్రాక్టు పని, వాడి బస్సు ఖర్చు, పుస్తకాలు అన్నీ ఆ డబ్బుతోనే.

రెన్యువల్‌కి ఏటా కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. మార్కుల గురించి బెంగ లేదు, బాగా చదువుతాడు. కానీ వానాకాలంలో డెంగ్యూ వచ్చి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చేర్చాం. తగ్గాక కూడా నీరసంతో చాన్నాళ్లు కాలేజీకి వెళ్లలేకపోయాడు. హాజరు 69 శాతం దగ్గర ఆగిపోయింది.

మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, కండోనేషన్ ఫీజు (హాజరు తగ్గినందుకు మినహాయింపు కోసం కట్టేది) కడితే పరీక్షలు రాయనిస్తామని కాలేజీ వాళ్లు అన్నారు. అది సరే. ఆ మినహాయింపు స్కాలర్‌షిప్‌కి కూడా చెల్లుతుందా? నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ పెడితే కాలేజీ వాళ్లు వెరిఫై చేయాలి కదా, అప్పుడు అసలు హాజరే చూస్తారా? ఈ ఏడు ఆగిపోతే వచ్చే ఏడు మళ్లీ ఇస్తారా, లేక పూర్తిగా పోయినట్టేనా?

జబ్బు చేసినందుకు పిల్లాడి డబ్బు ఆపడం న్యాయం కాదనిపిస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మీ పిల్లలకు ఇలా జరిగి ఉంటే ఎవరికి అర్జీ పెట్టారో, ఏ కాగితాలు జతచేశారో దయచేసి చెప్పండి.