ట్యూబ్ ఆంప్ కొనాల్నా, మోడలర్ కొనాల్నా?

ప్రశ్న (నల్లగొండ):
అన్నలూ, నేను ఆదివారాలు చర్చిల గిటార్ వాయిస్త, పెండ్లిళ్ల సీజన్ల ఆర్కెస్ట్రాతోని సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ తిరుగుత. ఇప్పుడు కొన్ని పైసలు జమైనయి. హైదరాబాద్‌ల ఒకాయన ఫెండర్ డీలక్స్ రెవర్బ్ అనే ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతోని నడిచేది) అమ్ముతుండు. దోస్తులేమో హెలిక్స్ అసొంటి మోడలర్ (ఆంప్ సౌండ్‌ను డిజిటల్‌ల నకలు చేసే డబ్బా) తీస్కోమంటున్నరు. ఒకరి మోడలర్ మిక్సర్‌కు పెట్టి వాయించి చూసిన, డిస్టార్షన్ (గరుకు సౌండ్) చెవులల్ల గీకినట్టున్నది. ట్యూబ్ మెత్తదనం డిజిటల్‌ల వస్తదా?

జవాబు (మహబూబ్‌నగర్):
ట్యూబే తీస్కో తమ్మీ. గిటార్ మీద వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే చాలు, గరుకు పోయి టోన్ తేటగైతది. ఆ సుఖం వేరే.

జవాబు (జడ్చర్ల):
నేను సౌండ్ సిస్టం నడిపిస్త, గిటార్ గూడ వాయిస్త. తమ్మీ, ఆ గీకుడుకు మోడలర్‌ల క్యాబ్ (గిటార్ స్పీకర్ డబ్బా నకలు) ఆఫ్‌ల ఉండుడే కారణం కావొచ్చు. గిటార్ ఆంప్‌ల ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 వేల హెర్ట్జ్ దాటినంక పెద్దగ పలుకది. డిస్టార్షన్‌ల పుట్టే గరుకు చానా మట్టుకు ఆడనే ఆగిపోతది. పీఏ బాక్సులు (హాల్ల జనానికి వినిపించే పెద్ద స్పీకర్లు) ఆ పైదంత వినిపిస్తయి. అందుకే క్యాబ్ బ్లాక్ గాని ఐఆర్ గాని పెట్టాలె. ఐఆర్ అంటే అసలు స్పీకరు, దాని ముందల మైకు కలిసి ఎట్ల పలికినయో పట్టుకున్న చిన్న ఫైల్. అది పెట్టి, హై కట్ (పై సప్పుడును కోసేది) 6 వేల హెర్ట్జ్ కాడికి తెచ్చి మల్ల విను.

ఇంట్ల మెల్లగ పెట్టి టోన్ చేయకు. సప్పుడు తక్కువున్నప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగ ఆనవు, అవి ఎక్కువ పెట్టుకుంటం. హాల్ల పెంచంగనే అంత గుంయ్‌మంటది. చర్చి ఖాళీగ ఉన్నప్పుడు పోయి, స్టేజీ సప్పుడు మీదనే సెట్ చేస్కో.

డీలక్స్ రెవర్బ్ 1963 నుంచి ఉన్న ఆంప్, 22 వాట్లు, పవర్‌ల రెండు 6వి6 ట్యూబులు. బాగ పెంచితేనే ఆ ట్యూబులు గరుకుగ పలుకుతయి, గట్టిగ కొడితే గరుకు ఎక్కుతది, మెల్లగ మీటితే నెమ్మదిస్తది. ఫంక్షన్ హాల్ల అంత సప్పుడు పాడేటోళ్ల మైకులల్లకు ఎక్కుతది. అప్పుడు తగ్గించుమని నేనే అంట. తగ్గిస్తే నువ్వు దేనికోసం కొన్నవో అదే పోయె! వెనుకనుంచి స్పీకర్ నెట్టే గాలి కాళ్లకు తగులుడు మోడలర్‌తోని రాదు, అది ఒప్పుకుంట. కని రికార్డింగ్‌ల మంచి మోడలర్‌ను, ట్యూబ్‌ను నేనైతే పోల్చలేను. నీ పనికి మోడలరే.

జవాబు (కోదాడ):
జనరేటర్ మీద వోల్టేజీ ఎక్కుడు దిగుడు గూడ సూస్కో. ట్యూబ్ ఆంప్ కొన్నా గని స్పీకర్ తీగ పెట్టకుండ ఆన్ చేయకు, ట్రాన్స్‌ఫార్మర్ కాలొచ్చు. లోపలి కెపాసిటర్లల్ల ప్లగ్ పీకినంక గూడ వందల వోల్టులు నిలువ ఉంటయి, విప్పకు.

ప్రశ్న అడిగినోడు:
అన్నా, కొనకముందు మోడలర్ సౌండ్ ఇంట్ల చూసే తొవ్వ ఉన్నదా?

జవాబు (జడ్చర్ల):
ఉన్నది. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉత్తగనే దొరుకుతది. లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను లాప్‌టాప్‌కు కలిపే డబ్బా) ఉంటే సాలు. అసలు ఆంపుల నుంచి జనం పట్టిన క్యాప్చర్లు (ఆంప్ సౌండ్ నకలు ఫైళ్లు) నెట్ల మస్తున్నయి, డీలక్స్‌ది గూడ వెతుకు. క్యాబ్ ఐఆర్ మాత్రం మర్వకు.