సమస్య: "చచ్చె నెనిమిదిమార్లొక్కసారె నటుఁడు"

నిర్వాహకుడు: పాదం ఇచ్చేశాను, కానివ్వండి. నటుడు అలెక్ గిన్నిస్, సినిమా 1949 నాటి 'కైండ్ హార్ట్స్ అండ్ కరొనెట్స్'. అందులో లూయి అనేవాడు డ్యూకు పదవి కోసం అడ్డున్న బంధువుల్ని తొలగించాలని చూస్తాడు, ఆ ఎనిమిదిమందీ గిన్నిసే.

కందంమామ:
గిన్నిసను నటుఁ డొక కథ కెనిమి దైన
పాత్రలను దాల్చె, వరుసగాఁ బడుచు వచ్చి
లూయి పదవికై పన్నిన మాయ వలలఁ
జచ్చె నెనిమిదిమార్లొక్కసారె నటుఁడు

యతిభంగం: మామా, మొదటి అడుగులోనే జారారు. 'కథకు + ఎనిమిది'. సంధి జరిగినచోట యతి అచ్చుకి. గి–ఎ కలవవు. 'డెనిమిది గెటపు లేసి' అనుంటే యతి దక్కేది, గ్రాంథికం పోయేది!

పాతరీలు: యతి సరే, లెక్కా తప్పింది. లూయి చంపింది ఆరుగురినే. పడవ కట్టు విప్పి ఒకణ్ణి, చీకటిగది దీపంలో కిరసనాయిలు బదులు పెట్రోలు పోసి ఒకణ్ణి, పోర్ట్ వైన్‌లో విషంతో పాద్రీని, బెలూన్‌కి బాణమేసి లేడీ అగాథాని, కేవియర్ డబ్బాలో బాంబుతో జనరల్‌ని, చివరికి తుపాకీతో డ్యూకుని. అడ్మిరల్ మొండితనానికి పోయి తన ఓడతో తనే మునిగాడు. బ్యాంకరేమో డ్యూకునయ్యానన్న వార్త వినే పోయాడు. ఈ ఇద్దరూ ఏ వలలోనూ పడలేదు.

కందంమామ: అయితే మీరే రాయండి చూద్దాం. పోయినసారి మీ ఫేగిన్ పద్యంలో మూడో గణం, 1948 నాటి 'ఆలివర్ ట్విస్ట్'లో ఫేగిన్ వేషం కట్టిన గిన్నిస్ ముక్కులాగే, అతికించింది కాదూ? ఆ ముక్కు యూదుల్ని కించపరుస్తోందన్న గొడవకి ఆ సినిమా అమెరికా చేరేసరికి 1951 అయింది. మీ గణం ఇంకా చేరనే లేదు.

పాతరీలు:
ఆరు హత్యలే, యోడతో నబ్ధి నొకఁడు,
పదవి వచ్చె నన్న కబురుఁ బడసి యొకఁడు;
మేను మాత్ర మొక్కటె కాన మిత్రులార
చచ్చె నెనిమిదిమార్లొక్కసారె నటుఁడు

యతిభంగం: 'నబ్ధి' దగ్గర యతి అచ్చుకే చెల్లింది, మామ గమనించగలరు. 'మిత్రులార' మాత్రం యతి కోసం పిలిచిన పేరంటం. ఇంతకీ 'ఒక్కసారె' ఎలా పొసిగింది?

పాతరీలు: 2000 ఆగస్టు 5న గిన్నిస్ నిజంగానే పోయాడు. తెర మీద ఎనిమిది, నేల మీద ఒకటి.

యతిభంగం: భేష్. ఆ తేదీ పద్యంలో ఉంటే ఇంకా భేష్.

గోదారిగట్టు: తేదీ ఎందుకండీ, 'ఒక్కసారె'ని ఒకే షాటుకి పట్టండి. చర్చిలో ఆరుగురు గిన్నిస్‌లు కలిసి కనిపిస్తారే, అది. కెమెరాని కదలకుండా బిగించి, లెన్సుకి మాస్కు పెట్టి, వేషానికొక భాగమే తెరిచి తీసి, ఫిల్మ్ వెనక్కి చుట్టి మళ్ళీ తీశారు. వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది, అప్పటిదాకా తీసిందంతా వృథా. అందుకే ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకంబ్ రాత్రి కెమెరా పక్కనే పడుకున్నాడు.

యతిభంగం: అక్కడున్నది ఆరుగురే కదండీ, పైగా ఆ షాటులో ఎవరూ చావరు. మళ్ళీ మామ లెక్కే!

కందంమామ: నా లెక్క సరే, నిర్వాహకుల 'మార్లు' ఏ వ్యాకరణంలోది?

నిర్వాహకుడు: 'మారులు' అంటే మూడో గణం మునుగుతుంది. అడ్మిరల్‌లా పట్టుబట్టకండి మామా.